పువ్వులతో పలుచని క్రోషే స్వెటర్: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రోషేలో, అంటే ఒకే కొక్కెం సూదితో దారం అల్లే పనిలో, పువ్వులు అల్లి, వాటిని అతికి స్వెటర్ చేద్దామని కూర్చున్నవాళ్లందరికీ దాదాపు ఒకే రకం సందేహాలు వస్తున్నాయి. ఎంత దారం కొనాలి, ఎన్ని పువ్వులు కావాలి, అతుకు దగ్గర ఎందుకు ముద్దగా తయారవుతోంది, ఉతికాక ఎందుకు సాగిపోయింది. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. పని జరిగే క్రమంలోనే ప్రశ్నలు ఉన్నాయి, మీకు అనుమానం ఉన్న చోటికి నేరుగా వెళ్లండి. ఒక్క మాట మాత్రం ముందే చెబుతాను: సన్న దారం వాడినంత మాత్రాన స్వెటర్ తేలికగా రాదు. పువ్వులో ఎంత ఖాళీ ఉంది, పువ్వుకీ పువ్వుకీ మధ్య అతుకు ఎంత మెత్తగా ఉంది, ఈ రెండే అసలు విషయం.

## మొదలుపెట్టే ముందు

నాకు చైన్, డబుల్ క్రోషే మాత్రమే వచ్చు. స్వెటర్ అల్లగలనా?

అల్లగలరు. నిజానికి కొత్తవాళ్లకి మామూలు స్వెటర్ కంటే పువ్వుల స్వెటరే సులువు. అరచేతిలో పట్టే చిన్న ముక్క మీద పని కాబట్టి తప్పు వస్తే ఒక్క పువ్వు విప్పితే సరిపోతుంది. చైన్, స్లిప్ స్టిచ్ (ఎత్తు రాకుండా కలిపే కుట్టు), సింగిల్, డబుల్ వస్తే చాలు. మూడు డబుల్ కుట్లని సగంలో ఆపి, చివర్లో అన్నిటినీ ఒకేసారి ముగించే గుత్తి కుట్టు కూడా నేర్చుకుంటే రేకులు అందంగా వస్తాయి. నడుము దగ్గర కుట్లు తగ్గించడం, ఛాతీ దగ్గర పెంచడం లాంటి లెక్కలు ఇందులో ఉండవు. పువ్వుల సంఖ్యే ఆకారం ఇస్తుంది.

మన ఎండలకి దీన్ని ఎప్పుడు వేసుకుంటాం?

హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి ఉదయాలకి ఇది చక్కగా సరిపోతుంది. కోస్తాలో అయితే ఏసీ ఆఫీసులో, ఏసీ బోగీలో, సాయంత్రం పెళ్లికి వెళ్లినప్పుడు పనికొస్తుంది. చేతులు లేకుండా కుర్తీ మీద వేసుకునేలా అల్లుకుంటే ఇంకా ఎక్కువ రోజులు వాడుకోవచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్లు వసంతంలోనూ, వేసవి సాయంత్రాల్లోనూ వేసుకుంటారు. గట్టి చలికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, రంధ్రాల్లోంచి గాలి దూరుతుంది.

నరసాపురం లేసు పని కూడా ఇదేనా?

పద్ధతి అదే, దారం వేరు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు సన్న నూలు దారంతో, చిన్న ఉక్కు సూదితో పువ్వులు అల్లుతారు. ఆ పువ్వులను కలిపి టేబుల్ క్లాత్‌లు, దుప్పట్లు, బట్టల మీద వేసే ముక్కలు తయారుచేస్తారు. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఈ పని నేర్పారని అక్కడ చెబుతారు. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఆ ఊళ్లలో పువ్వులు అల్లే పని వేరు, వాటిని కలిపే ‘అతుకు పని’ వేరు. చాలాచోట్ల ఒకరు అల్లితే ఇంకొకరు అతుకుతారు. అతుకు పనికి ప్రత్యేకంగా పేరు ఉందంటేనే అది ఎంత నైపుణ్యమో తెలుస్తుంది. ఐర్లండ్‌లో కూడా 1840ల చివరి కరువు కాలంలో క్రోషే లేసు చాలా కుటుంబాలకి జీవనాధారమైంది. మోనహన్ కౌంటీలోని క్లోన్స్ పట్టణం దానికి పేరు పొందింది. అక్కడ గులాబీలు, ఆకులు విడివిడిగా అల్లి, గుడ్డ మీద బోర్లా పేర్చి, మధ్య ఖాళీలను జాలీతో నింపేవారు. మనం అల్లబోయే స్వెటర్‌కి ఈ రెండు దారులూ పనికొస్తాయి.

## దారం, సూది

ఏ దారం కొనాలి? షాపులో ఊలు అడిగితే అక్రిలిక్ ఇస్తున్నారు

మన షాపుల్లో ‘ఊలు’ పేరుతో దొరికేదాంట్లో ఎక్కువ భాగం అక్రిలిక్కే. అది తేలిక, చవక, రంగులు బోలెడు. కానీ చెమట పీల్చదు, అందుకే మన వాతావరణానికి నేను కాటన్‌నే ఇష్టపడతాను. కాటన్‌లో ఇబ్బంది ఏమిటంటే బరువు, సాగుడు. మధ్యే మార్గంగా కాటన్‌లో వెదురు నారో, అక్రిలికో కలిపిన దారం తీసుకుంటే ఒంటి మీద జారుగా నిలుస్తుంది.

లేబుల్ మీద ప్లై (పేనిన పోగుల) సంఖ్య కంటే 100 గ్రాములకి ఎన్ని మీటర్లు ఉందో చూడండి. ఒక కంపెనీ 4 ప్లై ఇంకో కంపెనీ 4 ప్లై మందంతో సమానం కావాలని లేదు. 100 గ్రాములకి 350 నుంచి 400 మీటర్లు వచ్చే దారం పలుచని స్వెటర్‌కి సరిగ్గా సరిపోతుంది. 300 మీటర్లదైనా ఫర్వాలేదు. 200కి దిగిందంటే మాత్రం అది తేలికపాటి స్వెటర్ కాదు, భుజాల మీద బరువు తెలుస్తుంది.

ఇంట్లో లేసు దారం చాలా ఉంది. దాంతోనే అల్లేయవచ్చా?

అల్లవచ్చు, ఓపిక ఉండాలి. లేసు దారంలో నంబర్ పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది: 10 కంటే 20 సన్నం, 20 కంటే 40 సన్నం. 20 నంబర్‌తో అల్లితే పువ్వు సగం సైజుకి తగ్గుతుంది. అడ్డంలో సగం, నిలువులో సగం అయితే అదే స్వెటర్‌కి నాలుగు రెట్లు పువ్వులు కావాలి. పైగా గట్టిగా పేనిన దారం కాబట్టి మెత్తగా ఒంటిమీద పడదు. రెండు పోగులు కలిపి, పెద్ద సూదితో వదులుగా అల్లితే బాగుంటుంది. 10 నంబర్‌ని ఒంటి పోగుతో 2.25 మి.మీ. సూదితో అల్లి చూడండి, మెరుపు కూడా వస్తుంది.

సూది ఏ సైజు తీసుకోవాలి?

లేబుల్ మీద రాసిన దానికంటే ఒక సైజు పెద్దది. ఆ లేబుల్ సైజు గట్టి అల్లికని దృష్టిలో పెట్టుకుని రాస్తారు, మనకి జారుగా ఉండే అల్లిక కావాలి. 100 గ్రాములకి 350 మీటర్లు వచ్చే దారానికి 2.75 లేదా 3 మి.మీ.తో మొదలుపెట్టండి. పువ్వు తయారయ్యాక గుప్పిట్లో నలిపి వదలండి. మెత్తగా విచ్చుకుంటే సైజు సరిపోయినట్టు. అట్టలా నిలబడితే పావు మి.మీ. పెంచండి. ఒకసారి ఎంచుకున్నాక స్వెటర్ అంతా అదే సూదితో అల్లండి. ఉక్కు సూది నుంచి వెదురు సూదికి మారినా చేతి బిగువు మారిపోతుంది.

ఎంత దారం కొనాలో ముందే ఎలా తెలుస్తుంది?

ఒక ఉండ కొనుక్కుని 10 పువ్వులు అల్లండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద పదీ కలిపి తూచండి, ఒక్కటి తూచితే లెక్క సరిగా రాదు. 10 పువ్వులు 38 గ్రాములు తూగాయనుకుందాం. అంటే పువ్వుకి 3.8 గ్రాములు. స్వెటర్‌కి 74 పువ్వులు అనుకుంటే 281 గ్రాములు. అంచులకి, మెడకి, కొసల వృథాకి ఇంకో 20 శాతం కలిపితే 337. అంటే 50 గ్రాముల ఉండలు 7 కొనాలి. ఎనిమిదోది కూడా తీసుకోండి, తర్వాత మరమ్మతులకి పనికొస్తుంది.

అన్నీ ఒకేసారి, ఒకే లాట్ నంబర్‌వి (ఒకే విడతలో రంగు వేసినవి) కొనండి. ఒకే రంగు పేరున్నా లాట్ మారితే ఛాయ మారుతుంది, షాపు దీపాల వెలుతురులో కనిపించని తేడా పగటి వెలుగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రెండు లాట్‌లు తప్పనిసరి అయితే పువ్వులను కలిపేసి స్వెటర్ అంతటా చల్లండి, ఒక పక్కంతా ఒక లాట్ పెట్టొద్దు.

తెలుపు మధ్యలో ఎరుపు పువ్వులు పెడదామని ఉంది. రంగు దిగుతుందేమోనని టెన్షన్

అల్లకముందే పరీక్షించండి. ఒక మూర దారం తడిపి, తెల్లగుడ్డలో చుట్టి, గట్టిగా పిండి, తడిగానే రాత్రంతా ఉంచండి. గుడ్డకి రంగు అంటితే ఆ దారాన్ని తెలుపు పక్కన పెట్టొద్దు. ఎరుపు, మెరూన్, ముదురు నీలం, నలుపు ఈ పరీక్ష లేకుండా వాడకూడదు. ఉప్పు, వెనిగర్ వేస్తే రంగు నిలుస్తుందని చాలామంది అంటారు కానీ షాపులో కొన్న రంగు కాటన్‌కి అవి అక్కరకు రావు. రంగు దిగే దారాన్ని ఒకే రంగు స్వెటర్‌కి వాడుకోవడమే మంచి మార్గం.

## పువ్వు అల్లడం

ఏ పువ్వు ఎంచుకుంటే స్వెటర్ తేలికగా వస్తుంది?

చైన్‌లు ఎక్కువ, నిండు కుట్లు తక్కువ ఉన్న పువ్వు. ఆఫ్రికన్ ఫ్లవర్ అనే ఆరు పలకల పువ్వు చూడముచ్చటగా ఉంటుంది, దుప్పటికి అద్భుతం. కానీ దాంట్లో ఖాళీ దాదాపు ఉండదు కాబట్టి స్వెటర్‌కి మందం అవుతుంది. పాప్‌కార్న్ రేకులు (ఉబ్బెత్తుగా లేచే గుత్తి కుట్లవి) కూడా అంతే, దారం మింగేస్తాయి. ఐరిష్ గులాబీలో రేకులు ఒకదాని వెనక ఒకటి పొరలుగా ఉంటాయి. దాన్ని స్వెటర్ అంతా నింపకుండా మెడ దగ్గరో, అంచు మీదో రెండు మూడు పెడితే నిండుగా ఉంటుంది.

నడిమిలో చిన్న చక్రం, దాని చుట్టూ గుత్తి రేకులు, వాటి బయట చైన్ లూప్‌లు ఉన్న పువ్వే పలుచని స్వెటర్‌కి నా మొదటి ఎంపిక. ఆకారం విషయానికి వస్తే చదరం లెక్కకి సులువు. ఆరు పలకలది అతికితే మూడేసి మూలలే కలుస్తాయి కాబట్టి అతుకు చక్కగా ఉంటుంది, కానీ అంచులు వంకర టింకరగా వస్తాయి, సగం పువ్వులు అల్లి నింపాలి. మొదటి స్వెటర్‌కి చదరమే మేలు.

తేలికైన పువ్వు ఒకటి కుట్టు కుట్టుగా చెప్పండి

ఇది నాలుగు రౌండ్ల చదరపు పువ్వు. ఇక్కడ డబుల్ అంటే సూదికి ఒకసారి దారం చుట్టి అల్లే కుట్టు, సింగిల్ అంటే దారం చుట్టకుండా అల్లే పొట్టి కుట్టు.

6 చైన్‌లు వేసి స్లిప్ స్టిచ్‌తో రింగ్‌గా కలపండి. మొదటి రౌండ్: 3 చైన్‌లు (ఇది ఒక డబుల్‌గా లెక్క), రింగ్‌లోకి ఇంకో 15 డబుల్స్, మొత్తం 16. స్లిప్ స్టిచ్‌తో కలపండి.

రెండో రౌండ్ రేకులది. ఒక కుట్టు విడిచి ఒక కుట్టులో మూడు డబుల్స్ గుత్తి, ప్రతి గుత్తి తర్వాత 5 చైన్‌లు. మొదటి గుత్తికి మాత్రం 3 చైన్‌లు వేసి రెండు డబుల్స్ కలిపితే సరి. 8 రేకులు, వాటి మధ్య 8 లూప్‌లు వస్తాయి.

మూడో రౌండ్‌లో గుండ్రం చదరం అవుతుంది. స్లిప్ స్టిచ్‌లతో మొదటి లూప్‌లోకి వెళ్లి, అందులో 3 డబుల్స్, 5 చైన్‌లు, 3 డబుల్స్ వేయండి, ఇది మూల. తర్వాత 3 చైన్‌లు, పక్క లూప్‌లో ఒక సింగిల్, మళ్లీ 3 చైన్‌లు. ఇలా నాలుగుసార్లు.

నాలుగో రౌండ్ అంతా జాలీ. మూలలోని 5 చైన్‌ల ఖాళీలో ఒక సింగిల్, 7 చైన్‌లు, ఒక సింగిల్. తర్వాత 5 చైన్‌లు, పక్కనున్న 3 చైన్‌ల ఖాళీలో సింగిల్, 5 చైన్‌లు, తర్వాతి ఖాళీలో సింగిల్, 5 చైన్‌లు, మళ్లీ మూల. ఒక్కో పక్కకి మూడు లూప్‌లు వస్తాయి. ఈ రౌండ్‌లోనే పక్క పువ్వుని అతుకుతారు. 3 మి.మీ. సూది, సన్న కాటన్‌తో తడిపి ఆరబెట్టాక సుమారు 9 నుంచి 10 సెం.మీ. వస్తుంది.

ఒక వీడియోలో డబుల్ అన్నది ఇంకో చార్ట్‌లో ట్రెబుల్ అంటున్నారు. ఏది నమ్మాలి?

రెండూ సరైనవే. అమెరికా పేర్లు, బ్రిటన్ పేర్లు వేరు. అమెరికాలో సింగిల్ అనేది బ్రిటన్‌లో డబుల్. అమెరికాలో డబుల్ అనేది బ్రిటన్‌లో ట్రెబుల్. నమూనాలో సింగిల్ క్రోషే అన్న పేరు ఎక్కడైనా కనిపిస్తే అది అమెరికా పద్ధతి, బ్రిటన్ పద్ధతిలో ఆ పేరే లేదు. గుర్తుల చార్ట్ దొరికితే ఈ తలనొప్పే ఉండదు, గుర్తు ఏ దేశంలోనైనా ఒకటే.

పువ్వు పరచుకోవట్లేదు. ఒకసారి గిన్నెలా లేస్తోంది, ఒకసారి అంచులు కుచ్చులు వస్తున్నాయి

గిన్నెలా లేస్తే ఆ రౌండ్‌లో కుట్లు తక్కువ, లేదా చైన్‌లు బిగువు. కుచ్చులు వస్తే కుట్లు ఎక్కువ. నిండు గుండ్రానికి ఒక లెక్క ఉంది: సింగిల్‌తో అయితే 6తో మొదలుపెట్టి రౌండ్‌కి 6 పెంచాలి, డబుల్‌తో అయితే 12తో మొదలుపెట్టి రౌండ్‌కి 12. జాలీ పువ్వుల్లో ఎక్కువగా తేడా చేసేది చైన్. మీ చేతికి చైన్ బిగువుగా వస్తుంటే 5 ఉన్న చోట 6 వేయండి. కొంచెం లేచిన పువ్వుని తడిపి పిన్నులు పెడితే సరిపోతుంది, కానీ గట్టిగా లేచినదాన్ని ఏ పిన్నూ ఆపలేదు.

మొదట్లో అల్లిన పువ్వులు చిన్నగా, ఇప్పటివి పెద్దగా వస్తున్నాయి

చేయి అలవాటుపడేకొద్దీ బిగువు తగ్గుతుంది, అందరికీ అంతే. మొదటి నాలుగైదు పువ్వులను సాధనకి వదిలేయండి. నచ్చిన పువ్వుని ఒక అట్టముక్కకి పిన్ చేసి, చుట్టూ పెన్సిల్ గీత గీసి, ప్రతి కొత్త పువ్వునీ దాని మీద పెట్టి చూడండి. పావు సెం.మీ. తేడా ఫర్వాలేదు. అర సెం.మీ. దాటితే విప్పేయండి, ఒక వరుసలో 10 పువ్వులు ఉంటే ఆ తేడా 5 సెం.మీ. అవుతుంది.

మ్యాజిక్ రింగ్ (కొస లాగితే బిగుసుకునే దారపు రింగ్) ఉతికాక ఊడిపోతుందా?

నున్నటి కాటన్‌లో ఆ ప్రమాదం ఉంది. వేలికి దారం ఒక్కసారి కాకుండా రెండుసార్లు చుట్టి రింగ్ చేయండి. లాగి బిగించాక కొసని కుట్టు సూదితో ఆ రింగ్ చుట్టూ ఒకసారి ఒకవైపు, తర్వాత ఎదురు దిశలో దాచండి. పువ్వు మధ్యలో రంధ్రం కనిపించినా ఫర్వాలేదనుకుంటే చైన్‌లతో చేసిన రింగే మేలు, అది ఎప్పటికీ ఊడదు.

## కొలతలు

నా సైజుకి ఎన్ని పువ్వులు కావాలి?

ఛాతీ చుట్టుకొలతకి లూజు కలిపి, పువ్వు వెడల్పుతో భాగించండి. ఛాతీ 92 సెం.మీ. (36 అంగుళాలు), లూజు 8 సెం.మీ. అనుకుంటే చుట్టూ 100. పువ్వు 10 సెం.మీ. అయితే ముందు 5, వెనక 5. భుజం నుంచి నడుము కింది వరకు 50 సెం.మీ. అంటే 5 వరుసలు. ఒంటికి 50 పువ్వులు. చేతికి చుట్టూ 4, పొడవుకి 3 వరుసలు అంటే ఒక చేతికి 12, రెండింటికీ 24. మొత్తం 74.

పువ్వుని అల్లిన వెంటనే కొలవద్దు, తడిపి, పిన్ చేసి, ఆరాకే కొలవండి. విడిగా ఒక్కదాన్ని కాకుండా నాలుగు అతికిన ముక్కని కొలిచి సగం చేస్తే అతుకు వెడల్పు కూడా లెక్కలోకి వస్తుంది.

9 పువ్వులైతే బిగుతు, 10 అయితే వదులు. ఏం చేయాలి?

పువ్వుల సంఖ్య మార్చకుండా పువ్వు సైజు మార్చండి. 10 పువ్వుల చుట్టుకొలతలో పువ్వుకి అర సెం.మీ. తగ్గితే 100 కాస్తా 95 అవుతుంది, అర సెం.మీ. పెరిగితే 105. సూది పావు లేదా అర మి.మీ. మార్చితే ఈ తేడా వస్తుంది. ఇంకో దారి చివరి రౌండ్ లూప్‌లలో ఒక్కో చైన్ తగ్గించడం లేదా పెంచడం. పువ్వు అలాగే ఉంటుంది, జాలీ మాత్రమే మారుతుంది. రెండు పక్కల చంక కింద నిలువుగా ఒక సన్నని జాలీ పట్టీ అల్లి కలపడం మూడో మార్గం. ఇంట్లో ఒకే నమూనాతో అక్కకీ చెల్లికీ అల్లాలంటే నేను సూది మార్చే పద్ధతికే ఓటు వేస్తాను.

మెడ చదరంగా వచ్చి భుజం మీద నుంచి జారిపోతోంది

మధ్యలో పువ్వులు వదిలేస్తే మెడ వెడల్పు ఆ పువ్వుల వెడల్పుకి కట్టుబడిపోతుంది. 10 సెం.మీ. పువ్వులు రెండు వదిలితే 20, మూడు వదిలితే 30. చాలామందికి 20 చుట్టుపక్కల ఉంటే సరిపోతుంది. ఎక్కువ వెడల్పు వచ్చి ఉంటే విప్పనక్కర్లేదు. మెడ చుట్టూ సింగిల్ కుట్లతో 3, 4 రౌండ్లు వేయండి, ప్రతి మూల దగ్గర రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తూ వెళితే చదరం మెల్లగా గుండ్రపడుతుంది. ‘వి’ మెడ కావాలంటే ముందు భాగంలో చదరాన్ని మూలమూలగా కోసినట్టు ఉండే సగం పువ్వులు, అంటే త్రికోణాలు అల్లి పెట్టండి.

చేయి ఎత్తితే చంక దగ్గర పట్టేస్తోంది

చదరపు ముక్కలతో చేసిన ఏ బట్టకైనా వచ్చే సమస్య ఇది. పరిష్కారం చంక ముక్క. ఒక పువ్వుని 45 డిగ్రీలు తిప్పి, వజ్రం ఆకారంలో చంకలో పెట్టండి. దాని రెండు పక్కలు ఒంటికి, రెండు పక్కలు చేతికి అతుకుతాయి. చేయి చుట్టూ 3 పువ్వులైతే బిగుతు, 4 అయితే మరీ వదులు అనిపించేవాళ్లకి 3 పువ్వులు, ఒక చంక ముక్క సరిగ్గా కుదురుతాయి.

## అతుకు పని

అల్లుతూ అతకాలా, అన్నీ అయ్యాక అతకాలా?

పలుచని స్వెటర్‌కి అల్లుతూ అతకడమే మంచిది. చివరి రౌండ్‌లో 5 చైన్‌ల లూప్ వేసే చోట 2 చైన్‌లు వేసి, పక్క పువ్వు లూప్‌లోకి ఒక స్లిప్ స్టిచ్, మళ్లీ 2 చైన్‌లు. అంతే, అతుకు కనిపించదు, గట్టు రాదు. అంచులను సింగిల్ కుట్లతో కలిపితే గట్టు వస్తుంది. బ్యాగుకీ దుప్పటికీ అది బలం, ఇక్కడ మాత్రం బరువు, బిగుసుదనం.

రంగుల అమరిక ముందు పరచి చూసుకోవాలనుకునేవాళ్లు చివరి రౌండ్ తప్ప మిగతాదంతా అన్ని పువ్వులకీ అల్లి పెట్టుకోండి. నేల మీద పరచి, నచ్చేవరకు మార్చి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, అప్పుడు చివరి రౌండ్ వేస్తూ అతకండి. రెండు పద్ధతుల లాభమూ దక్కుతుంది.

నాలుగు మూలలు కలిసే చోట ముద్దలా అవుతోంది

మొదటి రెండు పువ్వుల మూలలు కలిసిన స్లిప్ స్టిచ్ ఉంది కదా, మూడో పువ్వుని, నాలుగో పువ్వుని సరిగ్గా ఆ కుట్టులోకే కలపండి. మూల లూప్‌లోకి విడివిడిగా సూది పెడితే కుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్ద అవుతుంది, లేదా మధ్యలో వంకర రంధ్రం మిగులుతుంది. మూల లూప్‌లో చైన్‌లు కొంచెం వదులుగా వేయడం కూడా ముఖ్యం. 7 చైన్‌ల మూల అయితే 3 చైన్‌లు, స్లిప్ స్టిచ్, 3 చైన్‌లు. చేయి బిగువు అయితే 4, 4 వేయండి.

గుండ్రని పువ్వులు అతికితే మధ్యలో పెద్ద ఖాళీలు వస్తున్నాయి

గుండ్రాలు నాలుగు కలిస్తే మధ్యలో నాలుగు కొమ్ముల ఖాళీ మిగలడం సహజం. ఖాళీ 2 సెం.మీ. లోపు ఉంటే వదిలేయండి, అదీ డిజైనే. అంతకన్నా పెద్దదైతే చిన్న పూరకం పువ్వు అల్లండి: రింగ్‌లోకి ఒక సింగిల్, 4 చైన్‌లు, చుట్టూ ఉన్న పువ్వు లూప్‌లో స్లిప్ స్టిచ్, 4 చైన్‌లు, మళ్లీ రింగ్‌లో సింగిల్. ఇలా నాలుగు పువ్వులకీ కాళ్లు వేసి ముగించండి. ఐరిష్ పద్ధతిలో రకరకాల సైజుల పువ్వులు వాడితే మాత్రం గుడ్డ మీద స్వెటర్ ఆకారం గీసి, పువ్వులను బోర్లా టాకా వేసి, మధ్యలో చైన్‌లతో జాలీ అల్లుకుంటూ పోవాలి. నెమ్మదైన పని, కానీ అందులో వచ్చే అందం ఇంక దేంట్లోనూ రాదు.

ఇన్ని దారం కొసలు ఎలా దాచాలి?

ఏ రోజువి ఆ రోజే. ఒకే రంగు పువ్వుకి రెండు కొసలు, రెండు రంగులైతే నాలుగు, 74 పువ్వులంటే 148 కొసలు మొదలు. చివరికి వదిలేస్తే విసుగొచ్చి స్వెటర్ బీరువాలో పడిపోతుంది. మొదటి కొస మీదుగానే మొదటి రౌండ్ అల్లేస్తే అది దానంతట అదే దాగుతుంది. చివరి కొస 15 సెం.మీ. ఉంచి, మొద్దు మొన సూదితో నిండు కుట్లలోంచి ఒకవైపు, వెనక్కి, మళ్లీ ముందుకి, మూడుసార్లు తీయండి. జాలీ చైన్‌లలో దాచొద్దు, బయటికి కనిపిస్తుంది. ముడి వేసి కత్తిరించొద్దు, ముడి జారుతుంది.

## పూర్తయ్యాక

బ్లాకింగ్ (తడిపి, కొలతకి పిన్ చేసి ఆరబెట్టడం) తప్పనిసరా?

జాలీ అల్లికకి తప్పనిసరి. పిన్నులు పెట్టకముందు నలిగినట్టు ఉన్న పువ్వు, పెట్టాక రేకు రేకూ విప్పుకుంటుంది. కాటన్ స్వెటర్‌ని చల్లని నీళ్లలో పావుగంట నాననిచ్చి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కండి. పరుపు మీదో, యోగా మ్యాట్ మీదో పరచి, కొలతకి సరిచూసి, తుప్పు పట్టని పిన్నులు గుచ్చి, నీడలో ఆరనివ్వండి. అక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టె ఆనించకూడదు, నార చచ్చి వేలాడిపోతుంది. ఆవిరిని దూరం నుంచి పట్టించండి.

రెండోసారి వేసుకునేసరికి పొడవు సాగిపోయింది

కాటన్ తన బరువుకి తనే సాగుతుంది. మొదలుపెట్టే ముందే మూడు పువ్వులు నిలువుగా అతికి, పైన క్లిప్ పెట్టి, రాత్రంతా వేలాడదీసి, ఉదయం కొలవండి. 30 సెం.మీ. ముక్క 32 అయిందంటే, 50 సెం.మీ. స్వెటర్ 53 దాటుతుందని అర్థం, ఆ మేరకి తక్కువ అల్లండి.

ఇప్పటికే సాగినదానికి భుజాల లోపలి వైపు, వెనక మెడ వెంట ఒక సన్నని కాటన్ టేపు చేత్తో కుట్టేయండి. బరువంతా మోసేది ఆ గీతే. కింది వరుస విప్పి పొట్టి చేయడం కూడా సులువే, మొత్తం స్వెటర్ కదల్చనక్కర్లేదు. హ్యాంగర్‌కి ఎప్పుడూ తగిలించొద్దు.

ఎలా ఉతకాలి, ఎక్కడ దాచాలి?

చల్లని నీళ్లు, గాఢత లేని సబ్బు, చేత్తో. మెషిన్ తప్పదంటే వల సంచిలో వేసి నెమ్మది సైకిల్. తాడు మీద ఆరేయకుండా తువ్వాలు మీద పరచండి. గంజి పెట్టి దాచొద్దు, గంజి కోసం వెండిపురుగులు వస్తాయి. బాగా ఆరాక మడిచి పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. ఉంగరాలు, గాజులు లూప్‌లకి తగులుకుంటాయి, వేసుకునేటప్పుడు జాగ్రత్త.

మధ్యలో ఒక పువ్వు తెగిపోయింది. స్వెటర్ పాడైనట్టేనా?

కాదు. ఒక్క ముక్క తీసి కొత్తది పెట్టగలగడం ఈ పద్ధతిలోని పెద్ద లాభం. ముందు చుట్టూ ఉన్న పువ్వుల లూప్‌లకి చిన్న సేఫ్టీ పిన్నులు పెట్టండి. తెగిన పువ్వుని మధ్యలో కత్తిరించి, బయటి వైపుకి మెల్లగా విప్పుకుంటూ రండి. పక్క పువ్వు మన పువ్వులోకి వేసిన స్లిప్ స్టిచ్‌లు ఉంటే భయపడొద్దు, లోపలి లూప్ పోయాక అవి మామూలు చైన్‌లుగా మిగులుతాయి. దాచిపెట్టుకున్న దారంతో కొత్త పువ్వు అల్లి, చివరి రౌండ్‌లో నాలుగు పక్కలా అతికేయండి. కొత్త దారం రంగు కొట్టొచ్చినట్టు ఉంటే, అదే రంగుతో ఇంకో చోట కూడా ఒక పువ్వు మార్చండి. కావాలని చేసినట్టే ఉంటుంది.

అడిగినవాళ్లకి అల్లి అమ్మాలనుంది. ధర ఎలా పెట్టాలి?

గంటలు లెక్క పెట్టండి, పువ్వులు కాదు. పువ్వుకి అతుకుతో కలిపి 20 నిమిషాలు పట్టే చేతికి 74 పువ్వులంటే దాదాపు 25 గంటలు. మెడ, అంచులు, కొసలు, బ్లాకింగ్‌కి ఇంకో 10. మొత్తం 35 గంటలు, అంటే 8 గంటల చొప్పున నాలుగున్నర రోజుల పని. మీ ఊళ్లో నైపుణ్యం ఉన్న టైలర్‌కి రోజు కూలి ఎంతో అడిగి, దాన్ని నాలుగున్నరతో గుణించండి. దారం ఖర్చు, పంపే ఖర్చు వేరుగా కలపండి. ‘ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడే కదా అల్లుతారు’ అని ఎవరైనా బేరం చేస్తే ధర తగ్గించొద్దు. లేసు అల్లే ఆడవాళ్లకి ముక్కకింత అని తక్కువ కూలి ఇవ్వడానికి తరతరాలుగా వాడుతున్న మాట అది. అంత పెట్టలేమన్నవాళ్లకి చేతులు లేని కోటు అల్లి ఇవ్వండి, 24 పువ్వులు తగ్గుతాయి, పనిలో 8 గంటలు తగ్గుతాయి, ఆ మేరకే ధర తగ్గించండి.